మిలాన్ నుంచి ఫ్రాన్స్‌కు వారం రోజుల రైలు ప్రయాణం: ముందు దూరం వెళ్ళండి, తర్వాత ఇంటికి దగ్గరవుతూ రండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మిలాన్‌లో ఎమ్మెస్ చదువుతున్నారు. జూన్‌లో అమ్మానాన్నలు వచ్చి నెల రోజులు మీ దగ్గర ఉంటారు. ఒక శనివారం బయల్దేరి మళ్ళీ శనివారానికి ఇల్లు చేరేలా వాళ్ళకు ఫ్రాన్స్ రైళ్ళలో తిప్పి చూపించాలి. మీ జాబితాలో నీస్, మొనాకో, మార్సెయ్, అవిన్యోన్, లియోన్, పారిస్, స్ట్రాస్‌బర్గ్, మోఁ సెయింట్ మిషెల్ ఉన్నాయి, అదే వరుసలో. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. ఇద్దరూ శాకాహారులు. ఆ తర్వాతి సోమవారమే వాళ్ళ తిరుగు విమానం. రైలు పాస్ కొనాలా వద్దా అని కూడా అడిగారు.

నేను టురిన్‌లో 11 ఏళ్ళుగా ఉంటున్నాను. ఈ దారిలో మా అమ్మానాన్నలను ఒకసారి, అత్తమామలను ఒకసారి తీసుకెళ్ళాను. మొదటిసారి మీలాగే నీస్‌తో మొదలుపెట్టి పారిస్‌తో ముగించాను. పారిస్ చేరేసరికి ఆరో రోజు. అమ్మకు నడిచే ఓపిక లేదు. లూవ్ర్ మ్యూజియంలో గంట తిరిగిందో లేదో బెంచీ మీద కూర్చుండిపోయింది. జీవితంలో ఒక్కసారి చూసే ఊరు, అలా చూడాల్సి వచ్చింది. పైగా తిరుగు ప్రయాణం ఏడు గంటల రైలు. అది రద్దయితే మరునాటి విమానం సంగతేమిటని రాత్రంతా నాకు టెన్షన్. రెండోసారి అదే దారిని తిరగేశాను. మొదటి రోజే పారిస్ వెళ్ళిపోయి, అక్కడి నుంచి రోజురోజుకూ ఇంటికి దగ్గరవుతూ వచ్చాం. ఊళ్ళు అవే, టికెట్ల ఖర్చూ దాదాపు అంతే. కానీ ఆ ప్రయాణంలో ఎవరూ అలసిపోలేదు.

ఇలా తిరగేస్తే లాభం ఏమిటంటే, ఓపిక ఉన్నప్పుడు నడక ఎక్కువ ఉన్న ఊరు అయిపోతుంది, అలసట మొదలయ్యే వేళకు సముద్రం ఒడ్డుకు చేరతారు. ఇంటికి దగ్గరవుతున్న కొద్దీ రైళ్ళు చిన్నవవుతాయి, ఒకటి తప్పితే ఇంకొకటి దొరుకుతుంది. విమానానికి ముందు చేసే ప్రయాణం అలాంటిదే కావాలి.

జాబితాలోంచి స్ట్రాస్‌బర్గ్, మోఁ సెయింట్ మిషెల్ తీసేయండి. రెండూ గొప్ప చోట్లే. కానీ మోఁ సెయింట్ మిషెల్‌కు పారిస్ నుంచి రెన్న్ దాకా టీజీవీలో (ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు) గంటన్నర, అక్కడి నుంచి గంటకు పైగా బస్సు, పైన కొండ మీదికి మెట్లు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను ఒక్కరోజులో తీసుకెళ్ళి తీసుకురావడం న్యాయం కాదు. స్ట్రాస్‌బర్గ్ పూర్తిగా అవతలి దిక్కు. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఎన్ని ఊళ్ళు చూస్తున్నామన్నది కాదు, ఎన్నిసార్లు పెట్టె సర్దుతున్నామన్నది లెక్క వేసుకోండి. ఏడు రాత్రులకు మూడు బసలు చాలు: పారిస్‌లో మూడు, అవిన్యోన్‌లో రెండు, నీస్‌లో రెండు. లియోన్, మార్సెయ్, మొనాకో బస మార్చకుండానే మధ్యలో కలుస్తాయి.

టికెట్ల కన్నా ముందు కాగితాలు చూసుకోండి. అమ్మానాన్నల షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకే వీసా) ఇటలీ ఇచ్చిందే కాబట్టి, ఎక్కువ రోజులు ఇటలీలోనే ఉంటున్నారు కాబట్టి, ఫ్రాన్స్ వెళ్ళడానికి ఏ ఇబ్బందీ లేదు. సింగిల్ ఎంట్రీ వీసా అయినా పర్వాలేదు, ఇటలీ నుంచి ఫ్రాన్స్ వెళ్ళి రావడం షెంగెన్ దాటినట్టు కాదు. అయితే పారిస్ నుంచి ఒక్కరోజు లండన్ చూసొద్దామని మాత్రం అనుకోకండి. సింగిల్ ఎంట్రీ అయితే తిరిగి రానివ్వరు. అసలు జాగ్రత్త పడాల్సింది మీరు. మీ పెర్మెస్సో కార్డు (ఇటలీ నివాస అనుమతి) చేతిలో ఉండి, గడువు మిగిలి ఉంటే, పాస్‌పోర్ట్‌తో కలిపి చూపిస్తే చాలు. కార్డు రెన్యువల్‌కు వేసి పోస్టాఫీసు ఇచ్చిన రిచెవుతా (రసీదు) ఒక్కటే ఉంటే అది ఫ్రాన్స్‌లో చెల్లదు. మొదటి ఏడాదిలో ఉంటే, మీరు వచ్చిన డి వీసా (దీర్ఘకాల వీసా) గడువు ఇంకా ఉందేమో చూసుకోండి, అది చెల్లుతుంది. 2015 నవంబరు నుంచి ఫ్రాన్స్ తన సరిహద్దుల్లో తనిఖీలు చేస్తూనే ఉంది. రైలు ఫ్రాన్స్‌లోకి అడుగుపెట్టగానే మొదాన్ స్టేషన్‌లో పోలీసులు ఎక్కుతారు. ఫోన్‌లో ఫోటో చూపిస్తే ఒప్పుకోరు, అసలు పాస్‌పోర్టులే ఉండాలి. అవి సూట్‌కేసు అడుగున కాకుండా చేతి సంచిలో పెట్టండి.

ఇక పాస్. నా మాటైతే వద్దు. ఇటలీలో నివాసం ఉన్న మీరు కొనాల్సింది ఇంటర్‌రైల్, ఇండియా నుంచి వచ్చిన వాళ్ళు కొనాల్సింది యూరైల్. రెండూ వేర్వేరు. పాస్ ఉన్నా టీజీవీలో సీటు రిజర్వేషన్ తప్పనిసరి, దానికి మళ్ళీ డబ్బు కట్టాలి. ఫ్రాన్స్–ఇటలీ మధ్య రైళ్ళలో ఆ రుసుము ఇంకా ఎక్కువ. పాస్ ఉన్నవాళ్ళకు కేటాయించే సీట్లు కూడా పరిమితం. ఈ ప్రయాణంలో ఖరీదైన టికెట్లు మూడు నాలుగే. మిలాన్–పారిస్, పారిస్–లియోన్, లియోన్–అవిన్యోన్ ముందుగా విడిగా కొనుక్కుంటే పాస్ కన్నా చవక. మిగతావి ఎక్కువగా ఎప్పుడు కొన్నా ఒకటే ధర ఉండే లోకల్ రైళ్ళు. రోజూ రైలెక్కి, అప్పటికప్పుడు దారి మార్చుకునే కుర్రాళ్ళకు పాస్ మంచిది. మీకు కాదు.

మిలాన్–పారిస్ టికెట్ సాధారణంగా మూడు నాలుగు నెలల ముందు తెరుస్తారు. తెరిచిన వారంలో కొంటే మనిషికి 30–40 యూరోలకు దొరికే సీటే చివర్లో వంద దాటుతుంది. ఈ దారిలో రెండు సంస్థల రైళ్ళున్నాయి. ఇటలీ రైల్వే ట్రెనిటాలియా వాళ్ళ ఫ్రెచ్చారోస్సా మిలానో చెంత్రాలె నుంచి, ఫ్రెంచ్ రైల్వే టీజీవీ మిలానో పోర్తా గరిబాల్ది నుంచి బయల్దేరతాయి. టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో ముందురోజే చూసుకోండి. ఒకరి యాప్‌లో ఇంకొకరి రైళ్ళు కనబడవు కాబట్టి రెండు చోట్లా ధర పోల్చండి.

ఈ లైన్ గురించి పాత సమాచారం చదివి మీరు భయపడినట్టున్నారు. 2023 ఆగస్టులో ఫ్రాన్స్ వైపు మోరియెన్ లోయలో కొండచరియలు పడి రైళ్ళు ఆగిపోయిన మాట నిజమే. 19 నెలల తర్వాత, 2025 మార్చి 31న మళ్ళీ తెరిచారు. అప్పటిదాకా మేమంతా బస్సులోనో స్విట్జర్లాండ్ మీదుగానో వెళ్ళేవాళ్ళం. ఇప్పటికీ ప్రయాణానికి వారం ముందు ఒకసారి వార్తలు చూడండి. ఏదైనా జరిగితే రెండో దారి జ్యూరిక్ మీదుగా. మిలాన్ నుంచి జ్యూరిక్‌కు మూడున్నర గంటలలోపు, అక్కడి నుంచి పారిస్‌కు నాలుగు గంటలు. స్విట్జర్లాండ్ కూడా షెంగెన్‌లోనే ఉంది, వీసా సమస్య లేదు.

శనివారం ఉదయం రైలు ఎక్కితే పారిస్‌కు సుమారు ఏడు గంటలు. టురిన్ దాటాక సూసా లోయ మొదలవుతుంది. అప్పుడు అమ్మానాన్నలను నిద్రపోనివ్వకండి. రెండు వైపులా ఆల్ప్స్, జూన్‌లో కూడా శిఖరాల మీద మంచు కనిపిస్తుంది. బార్దొనెక్కియా తర్వాత వచ్చే ఫ్రెజుస్ సొరంగం దాదాపు 13.7 కిలోమీటర్లు. దాన్ని 1871లో తెరిచారు. 150 ఏళ్ళ కిందట, ఇప్పటి యంత్రాలేవీ లేకుండా, ఆల్ప్స్‌ను అడ్డంగా తొలిచిన మొదటి రైలు సొరంగం అది. మా మామగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఆ చీకట్లో ఉన్నంతసేపూ కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నారు.

పారిస్‌లో దిగేది గార్ ద లియోన్. మంగళవారం మళ్ళీ ఎక్కేదీ అక్కడి నుంచే. కాబట్టి ఆ స్టేషన్ చుట్టుపక్కలో, బెర్సీ వైపో గది తీసుకోండి. ఐఫిల్ టవర్ కనబడే హోటల్ కోసం వెతకకండి. సామానుతో మెట్రో మారాల్సిన పని లేకపోవడమే పెద్ద సుఖం. పారిస్ మెట్రో పాతది, చాలా స్టేషన్లలో లిఫ్టులు ఉండవు, మెట్లే. 14వ నంబర్ లైన్‌లో మాత్రం అన్ని చోట్లా లిఫ్టులున్నాయి, అది గార్ ద లియోన్‌లోనే దొరుకుతుంది. మిగతా చోట్లకు బస్సు ఎక్కండి. బాస్టీ దగ్గర 69వ నంబర్ బస్సు ఎక్కితే లూవ్ర్, ఓర్సే మ్యూజియం, ఇన్వాలీద్ మీదుగా ఐఫిల్ టవర్ దాకా వెళ్తుంది. కూర్చుని కిటికీలోంచి సగం పారిస్ చూడొచ్చు. మా అమ్మకు ఆ బస్సే అన్నిటికన్నా నచ్చింది.

శనివారం బయల్దేరడం మీకు కలిసొచ్చింది. లూవ్ర్‌కు మంగళవారం సెలవు, ఓర్సే మ్యూజియంకు, వెర్సాయ్ ప్యాలెస్‌కు సోమవారం సెలవు. ఆదివారం నోత్ర దామ్ చర్చి, ఓర్సే పెట్టుకోండి. సోమవారం పొద్దున్న లూవ్ర్, సాయంత్రం ఐఫిల్ టవర్. వెర్సాయ్ ఈసారికి వదిలేయండి. లూవ్ర్‌కు టైమ్ స్లాట్ టికెట్ ముందే కొనాలి. ఐఫిల్ టవర్ లిఫ్ట్ టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజే కూర్చుని తీసుకోండి. జూన్‌లో అవి నిలవవు. నోత్ర దామ్ 2019 అగ్నిప్రమాదం తర్వాత 2024 డిసెంబరులో తెరుచుకుంది. లోపలికి వెళ్ళడం ఉచితం.

భోజనం గురించి ఒక మాట. రెండో రోజుకల్లా వాళ్ళకు అన్నం మీద ధ్యాస మళ్ళుతుంది. గార్ ద్యు నోర్ స్టేషన్ వెనక లా షపెల్ అనే పేట ఉంది. శ్రీలంక తమిళుల దుకాణాలు, హోటళ్ళు వరసగా ఉంటాయి. ఇడ్లీ, దోశ, సాంబారన్నం, కరివేపాకు, అన్నీ దొరుకుతాయి. ఒక పూట అటు తీసుకెళ్ళండి. మిగతా చోట్ల వంటిల్లున్న స్టూడియో గదులు తీసుకుంటే కుక్కర్ లేకపోయినా గిన్నెలో అన్నం వండుకోవచ్చు. పచ్చడి, కందిపొడి మీ దగ్గర ఎలాగూ ఉంటాయి. ఫ్రాన్స్‌లో మధ్యాహ్నం రెండు దాటితే చాలా హోటళ్ళలో వంట ఆపేస్తారు, మళ్ళీ ఏడింటికే. రెండున్నరకు ఆకలేసి తిరిగితే దొరికేది శాండ్‌విచ్చే. శాకాహారం అని చెప్పేటప్పుడు మాంసం వద్దు, చేప కూడా వద్దు అని రెండూ విడివిడిగా చెప్పండి: ‘సాఁ వియాఁద్, సాఁ ప్వాసోఁ’. ఒక్కటే చెబితే చేప వచ్చే అవకాశం ఉంది.

మంగళవారం పారిస్ నుంచి అవిన్యోన్‌కు నేరుగా వెళ్తే రెండు గంటల నలభై నిమిషాలు. కానీ మధ్యలో లియోన్‌లో దిగండి. పొద్దున్న ఎనిమిదింటి రైలెక్కితే పదింటికి లియోన్ పార్-ద్యూ. ఫ్రాన్స్‌లో మొదటి టీజీవీ నడిచింది ఈ లైన్ మీదే, 1981లో. ఈ దారిలో ఫ్రెంచ్ రైల్వేతో పాటు ట్రెనిటాలియా రైళ్ళూ ఉన్నాయి కాబట్టి చవకగా దొరుకుతుంది. స్టేషన్ లాకర్‌లో సామాను పెట్టి పాత లియోన్‌కు మెట్రోలో వెళ్ళండి. అక్కడి నుంచి ఫూర్‌వియేర్ కొండ మీదికి తాడు లాగే చిన్న రైలు ఉంది, అమ్మగారు ఒక్క మెట్టు ఎక్కక్కర్లేదు. పైనుంచి ఊరూ, రెండు నదులూ కనబడతాయి. సాయంత్రం రైలుకు అవిన్యోన్ గంట పైచిలుకు.

ఇక్కడ ఒక హెచ్చరిక. అవిన్యోన్‌లో రెండు స్టేషన్లున్నాయి. ఊరి కోటగోడ ఎదురుగా ఉన్నది అవిన్యోన్ సెంటర్, ఊరి బయట ఉన్నది అవిన్యోన్ టీజీవీ. రెండింటి మధ్య చిన్న రైలు తిరుగుతుంది, అయిదారు నిమిషాలు. రెండో ప్రయాణంలో టికెట్ సరిగ్గా చదవకుండా నేను అందరినీ సెంటర్‌కు నడిపించాను. తప్పు తెలిసేసరికి ఆ చిన్న రైలు వెళ్ళిపోయింది, మా టీజీవీ కూడా తప్పింది. ముగ్గురికీ కొత్త టికెట్లు కొనాల్సి వచ్చింది. టీజీవీ తలుపులు బయల్దేరే సమయానికి రెండు నిమిషాల ముందే మూసేస్తారు. 20 నిమిషాల ముందు స్టేషన్‌లో ఉండండి, ప్లాట్‌ఫాం నంబర్ కూడా దాదాపు అప్పుడే వేస్తారు.

అవిన్యోన్‌లో గది కోటగోడ లోపల తీసుకోండి, ఏసీ ఉందో లేదో అడిగి మరీ. జూన్ ఎండ అక్కడ తక్కువేమీ కాదు. 1309 నుంచి 1377 దాకా పోప్‌లు రోమ్‌లో కాకుండా ఈ ఊళ్ళో ఉన్నారు. వాళ్ళ కోట, దాని కింద రోన్ నది మీద సగంలో ఆగిపోయిన సెయింట్ బెనెజె వంతెన, రెండూ నడిచి చూడొచ్చు. 22 కమానుల వంతెనలో మిగిలినవి 4. మీరు జూన్‌లో వెళ్తున్నారు కాబట్టి సరే. జూలైలో నాటకోత్సవం జరుగుతుంది, ఆ రోజుల్లో గదులు దొరకవు.

బుధవారం పక్క ఊరు ఆర్ల్. సెంటర్ స్టేషన్ నుంచి లోకల్ రైల్లో 20 నిమిషాలు, రిజర్వేషన్ అక్కర్లేదు. దాదాపు రెండు వేల ఏళ్ళ నాటి రోమన్ రంగస్థలం ఊరి నడిబొడ్డున నిలబడి ఉంది, ఇప్పటికీ వాడుతున్నారు. వాన్ గో 1888లో ఈ ఊరికి వచ్చి ఏడాదికి పైగా ఉండి, ఇక్కడి పొలాలూ వీధులూ ఆకాశమూ బొమ్మలుగా వేశాడు. ఆయన వేసిన చోట్ల బోర్డులు పెట్టారు. నాన్నగారికి పాత కట్టడాలంటే ఇష్టమని రాశారు కదా, ఈ వారం మొత్తంలో ఆయనకు బాగా గుర్తుండేది ఆర్లేనని నా నమ్మకం. మధ్యాహ్నానికి వెనక్కి వచ్చి విశ్రాంతి తీసుకోండి. లావెండర్ తోటల కోసం పరిగెత్తకండి. అవి రైలు వెళ్ళే దారిలో లేవు, జూన్ చివరికి గాని పూయవు.

గురువారం అవిన్యోన్ నుంచి మార్సెయ్ టీజీవీలో అరగంట. మార్సెయ్ సెయింట్ షార్ల్ స్టేషన్ కొండ మీద ఉంది. ముందున్న 104 మెట్లు దిగక్కర్లేదు. పైనే నిలబడితే ఊరంతా, ఎదురు కొండ మీద నోత్ర దామ్ ద లా గార్ద్ చర్చి కనబడతాయి. అక్కడే భోజనం చేసి నీస్‌కు ప్రాంతీయ రైలెక్కండి. 2025 జూన్ నుంచి ఈ లైన్‌ను ట్రాన్స్‌దేవ్ అనే సంస్థ నడుపుతోంది, రోజుకు 14 రైళ్ళు అటూ ఇటూ. రెండు గంటల నలభై నిమిషాల ప్రయాణం. తప్పకుండా కుడివైపు కూర్చోండి. తూలోన్ తర్వాత రైలు కాసేపు లోపలికి వెళ్ళిపోతుంది, సముద్రం లేదేమిటని అనుకుంటారు. సెయింట్ రఫాయెల్ దాటగానే ఎస్తెరెల్ కొండలు మొదలవుతాయి. ఎర్రటి రాళ్ళు, వాటి కిందే నీలం నీళ్ళు, మధ్యలో పట్టాలు. కాన్ వచ్చేదాకా అంతే. ఈ ముక్క కోసమైనా తొందరగా వెళ్ళే టీజీవీ కాకుండా పగటిపూట రైలే ఎంచుకోండి.

శుక్రవారం మొత్తం నీస్‌లో. పొద్దున్నే కూర్ సలేయా బజారు: పూలు, కూరగాయలు, పండ్లు. అక్కడ సొక్కా అమ్ముతారు. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద పెనం మీద కాల్చిన అట్టు, పైన మిరియాల పొడి. అమ్మగారికి చూపిస్తే రెండో మాట లేకుండా తింటారు. పక్కనే ఉల్లిపాయలతో చేసే పిస్సలదియేర్ చూడ్డానికి శాకాహారంలా ఉంటుంది, అందులో చిన్న చేపలు వేస్తారు. కోట కొండకు లిఫ్ట్ ఉంది. మధ్యాహ్నం లోకల్ రైల్లో మొనాకో, 25 నిమిషాలలోపు. తిరుగులో విల్‌ఫ్రాంష్‌లో దిగితే స్టేషన్ కిందే సముద్రం. పాదాలు తడుపుకుని కూర్చోవడానికి అంతకన్నా మంచి చోటు ఈ తీరంలో నేను చూడలేదు.

సామాను గురించి: టీజీవీలో మనిషికి రెండు పెద్ద పెట్టెలు, ఒక చేతి సంచి. ప్రతి పెట్టె మీదా పేరు రాసిన చీటీ ఉండాలి, లేకపోతే జరిమానా వేయొచ్చు. విగో అనే చవక రైళ్ళలో లెక్క ఇంకా కఠినం, పెద్ద పెట్టెకు విడిగా కట్టాలి. విమానంలో తెచ్చిన పెద్ద సూట్‌కేసులు మిలాన్‌లోనే వదిలి, ఇద్దరికి ఒకటి చొప్పున చిన్నవి తీసుకోండి. రెండంతస్తుల టీజీవీలో సీట్లు తీసుకునేటప్పుడు కింది అంతస్తు అడగండి, అమ్మగారికి మెట్లు తప్పుతాయి.

సమ్మెలు రెండు దేశాల్లోనూ మామూలే. ఇటలీలో ఏ రోజు సమ్మెలున్నాయో ముందే ప్రకటిస్తారు, ఆ జాబితా చూడండి. పనిరోజుల్లో సమ్మె ఉన్నా ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య ప్రాంతీయ రైళ్ళు నడపాలన్న నియమం ఉంది. శనివారమే ఇల్లు చేరి, సోమవారం విమానానికి ముందు ఆదివారం ఖాళీగా ఉంచుకోవడం మంచిదనేది అందుకే.

శనివారం నీస్ నుంచి వెంటిమిగ్లియాకు 50 నిమిషాలు. ఫ్రాన్స్ బోర్డుల మీద ఆ ఊరి పేరు వెంతిమీల్ అని ఉంటుంది, కంగారు పడకండి. ఇటలీ బోర్డుల మీద నీస్‌ను నిజ్జా అని, పారిస్‌ను పరీజీ అని రాస్తారు. శుక్రవారం వెంటిమిగ్లియాలో పెద్ద సంత, రైళ్ళు కిక్కిరిసి ఉంటాయి. మీరు వెళ్ళేది శనివారం కాబట్టి ఆ బాధ లేదు. ఈ రెండు రైళ్ళ టికెట్లు వేర్వేరు కాబట్టి వెంటిమిగ్లియాలో కనీసం గంట వ్యవధి ఉంచుకోండి. అక్కడి నుంచి మిలాన్‌కు ఇంటర్‌సిటీ సుమారు నాలుగు గంటలు. ఇక్కడా కుడివైపే కూర్చోండి. మొదట సాన్ రెమో మీదుగా ఎక్కువగా సొరంగాలే. 2001లో కొంత, 2016లో కొంత లైన్‌ను కొండ లోపలికి మార్చారు. అందోరా దాటాక రైలు మళ్ళీ ఒడ్డుకు వస్తుంది. జెనోవా తర్వాత సముద్రం ఉండదు, కొండలు, ఆ తర్వాత వరి మళ్ళు ఉన్న మైదానం. శుక్రవారం బజార్లో నాలుగు నిమ్మకాయలు కొని, రాత్రి గదిలో పులిహోర కలిపి పెట్టుకోండి. ఆ రైల్లో తినడానికి వేరే ఏమీ వెతకక్కర్లేదు.